వైజాగ్‌లో రెండ్రోజులే ఉంటే ఏది చూడాలి, ఏది వదిలెయ్యాలి

వైజాగ్ వస్తున్నాం, రెండ్రోజులే టైముంది, ఏమేం చూడొచ్చు అని మా చుట్టాలు, స్నేహితులు అడుగుతూనే ఉంటారు, దాదాపు అందరి దగ్గరా ఒకటే లిస్టు ఉంటుంది, ఆర్కే బీచ్, సబ్‌మెరీన్, కైలాసగిరి, రుషికొండ, యారాడ, సింహాచలం, అరకు, బొర్రా గుహలు, కుదిరితే లంబసింగి కూడా. ఇవన్నీ రెండ్రోజుల్లో ఇరికించారంటే కారులో కూర్చోవడమే ఎక్కువైపోతుంది, ఎక్కడా పట్టుమని గంట గడపరు. అందుకే నేను ఎవరికైనా చెప్పేది ఒకటే, ఒకేలాంటివి రెండుంటే ఒకటి తీసుకోండి, రెండోది ఈసారికి వదిలెయ్యండి. ఏది తీసుకోవాలనేది మీతో ఎవరొస్తున్నారు, ఏ నెలలో వస్తున్నారు, పొద్దున్నే లేవగలరా లేదా, వీటిని బట్టి ఉంటుంది.

ముందు ఊరు ఎలా ఉందో చూస్కోండి, సగం ప్లాను అక్కడే తేలిపోతుంది. వైజాగ్ సముద్రం వెంబడి పొడుగ్గా సాగిన ఊరు. మధ్యలో ఆర్కే బీచ్. అక్కణ్ణుంచి ఉత్తరంగా వెళ్తే తెన్నేటి పార్కు, కైలాసగిరి, రుషికొండ, తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు, చివర్లో భీమిలి, ఇవన్నీ ఒకే బీచ్ రోడ్డు మీద వరసగా వస్తాయి. దక్షిణంగా పోర్టు, దాని అవతల డాల్ఫిన్స్ నోస్ కొండ, ఆ కొండకి వెనకాల యారాడ. ఆర్కే బీచ్‌లో నిలబడితే ఆ కొండ ఎదురుగానే కనిపిస్తుంది, పదినిమిషాల్లో వెళ్ళిపోవచ్చు అనుకుంటారు అందరూ, కానీ మధ్యలో ఓడలు పోర్టులోకి వెళ్ళే చానల్ ఉంది, దానిమీద రోడ్డు లేదు, కాబట్టి ఊరిలోంచి చుట్టూ తిరిగి సింధియా అనే ఏరియా మీదుగా పోవాలి, ట్రాఫిక్ ఉంటే గంట పట్టినా ఆశ్చర్యం లేదు. అంటే పొద్దున యారాడ, సాయంత్రం భీమిలి అని ఒకే రోజులో పెట్టుకుంటే ఊరికి ఈ చివర నుంచి ఆ చివరకి తిరగడమే అవుతుంది. ఒక రోజుకి ఒక వైపు పెట్టుకోండి.

రెండోది, చాలామంది సన్‌సెట్ కోసం సాయంత్రం బీచ్‌కి వస్తారు. మనది తూర్పు తీరం కదా, సూర్యుడు సముద్రంలోంచి పైకొస్తాడు, దిగేది మాత్రం కొండల వెనక్కి. సముద్రం మీద బంగారం రంగు చూడాలంటే ఐదున్నరకల్లా ఒడ్డున ఉండాలి, పడుకుని ఎనిమిదింటికి లేచి వెళ్తే అప్పటికే ఎండ చురుక్కుమంటుంది, ఉక్కపోత సంగతి చెప్పక్కర్లేదు. సాయంత్రం సముద్రం బాగోదని కాదు, గాలి బాగుంటుంది, జనం బాగుంటారు, కానీ ఫొటోల్లో చూసిన ఆ వెలుగు కోసం అయితే పొద్దునే.

ఇక బీచ్‌ల సంగతికొద్దాం. ఆర్కే బీచ్, రుషికొండ, యారాడ, భీమిలి, ఈ నాలుగూ ఒకటే సముద్రం అయినా నాలుగు రకాలు.

ఆర్కే బీచ్ అంటే ఊరి వరండా. పొద్దున్నే వాకింగ్ చేసేవాళ్ళ కోసం రోడ్డు మీద కొంతసేపు బళ్ళు ఆపేస్తారు, అప్పుడు రోడ్డు మధ్యలో నడుస్తూ సముద్రం చూడొచ్చు, ముసలాళ్ళు, పిల్లలు, యోగా చేసేవాళ్ళు, స్కేటింగ్ చేసే పిల్లలు అందరూ అక్కడే. సాయంత్రమైతే ముంత మసాలా, మొక్కజొన్న పొత్తులు, బజ్జీల బళ్ళు, ఆదివారం ఇసకేస్తే రాలనంత జనం. కూర్చుని గాలి పీల్చుకోడానికి, ఊరిని చూడ్డానికి ఇంతకంటే మంచి చోటు లేదు. కానీ స్నానానికి మాత్రం దిగకండి, దయచేసి దిగకండి. లోపలికి నాలుగడుగులు వేస్తే లోతు ఒక్కసారిగా పెరుగుతుంది, అల వెనక్కి వెళ్ళేటప్పుడు కాళ్ళకింద ఇసక లాగేస్తుంది, ఈతొచ్చినవాళ్ళు కూడా కొట్టుకుపోయారు ఇక్కడ. పాదాలు తడుపుకోండి, చాలు.

నీళ్ళల్లోకి దిగాల్సిందే, పిల్లలు ఊరుకోరు అంటే రుషికొండ. 2020లో దీనికి బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది, ఆ గుర్తింపు ఇచ్చేటప్పుడు నీటి శుభ్రత, టాయిలెట్లు, లైఫ్‌గార్డులు, ఇవన్నీ చూస్తారు, కాబట్టి బట్టలు మార్చుకోడానికి, కాళ్ళు కడుక్కోడానికి చోటు ఉంటుంది, ఆడవాళ్ళతో, పిల్లలతో వచ్చినవాళ్ళకి ఇది చిన్న విషయం కాదు. బోటింగ్, కయాకింగ్ లాంటివి కూడా ఇక్కడే. అలాగని ఇక్కడ సముద్రం సాధువు అనుకోకండి, లైఫ్‌గార్డు ఉన్న వైపే దిగండి, విజిల్ వేస్తే బయటికొచ్చెయ్యండి. శని ఆదివారాలు పార్కింగే పెద్ద పని, మామూలు రోజు పొద్దున్నే వెళ్తే అదే బీచ్ వేరేలా ఉంటుంది.

యారాడ అందానికి మొదటిది, ఒప్పుకోవాలి. మూడు వైపులా కొండలు, ఒక వైపు సముద్రం, కొండ దిగుతుంటే మలుపు దగ్గర కొబ్బరి తోటలు, ఆ పక్కన ఇసక ఒక్కసారిగా కనబడతాయి. కానీ దూరం, సాయంత్రం అయ్యాక తిరిగి రావడానికి ఆటోలు దొరకవు, నీళ్ళు ఆర్కే బీచ్‌కంటే ప్రమాదం. సొంత బండి ఉండి, కుర్రాళ్ళ బ్యాచ్ అయ్యి, చూసి కూర్చుని రావడానికి అయితే యారాడ. ఆ దారిలోనే డాల్ఫిన్స్ నోస్ మీద లైట్‌హౌస్ ఉంది, మధ్యాహ్నం పూట కొద్దిసేపు మాత్రమే జనాన్ని రానిస్తారు, టైము కనుక్కుని వెళ్ళండి. చుట్టూ నేవీ ఏరియా, ఫొటోలు తీయొద్దని బోర్డు ఉన్నచోట ఫోను జేబులో పెట్టుకోండి.

భీమిలి నాకు అన్నిటికంటే ఇష్టం, ఎందుకో చెప్తాను. ఊరి నుంచి పాతిక కిలోమీటర్లు ఉంటుంది, ఆర్టీసీ కాంప్లెక్స్ బస్టాండు నుంచి బస్సులున్నాయి. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు, అంతకుముందు డచ్చివాళ్ళు వ్యాపారం చేసిన రేవు, వాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి, గోపురాల్లాగా కట్టిన పాత సమాధులు, మీద చెక్కిన అక్షరాలు అరిగిపోయి ఉంటాయి. గోస్తనీ నది ఇక్కడే సముద్రంలో కలుస్తుంది. పొద్దున్నే వెళ్తే జాలర్లు వల లాగుతుంటారు, ఇటు ఒక వరస మనుషులు, అటు ఒక వరస, నడుములకి తాడు కట్టుకుని వెనక్కి నడుస్తూ లాగుతారు, వల ఒడ్డుకి దగ్గరపడేకొద్దీ కాకులు, కుక్కలు, బుట్టలు పట్టుకున్న ఆడవాళ్ళు అందరూ చుట్టూ చేరిపోతారు. వల విప్పాక ఒకోసారి తట్టెడు చేపలే ఉంటాయి, అంతమంది అంతసేపు లాగింది దీనికేనా అనిపిస్తుంది. వాళ్ళ పనికి అడ్డం రాకుండా పక్కన నిలబడి చూడండి. హడావిడి, ఆటలు కావాలంటే భీమిలి బోరు కొడుతుంది, ముందే చెప్తున్నా.

కొండ మీంచి సముద్రం చూడాలంటే కైలాసగిరా తొట్లకొండా అన్నది తర్వాతి ప్రశ్న. పెద్దవాళ్ళు, చిన్నపిల్లలు ఉంటే ఆలోచించకండి, కైలాసగిరి. రోప్‌వే ఉంది, కారు పైదాకా వెళ్తుంది, పెద్ద శివపార్వతుల విగ్రహం, చుట్టూ తిరిగే టాయ్ ట్రెయిన్, కూర్చోడానికి పచ్చిక, తినడానికి షాపులు అన్నీ ఉంటాయి. పైనుంచి దక్షిణం వైపు చూస్తే బీచ్ రోడ్డు వంపు తిరిగి డాల్ఫిన్స్ నోస్ దాకా కనిపిస్తుంది, వైజాగ్ అంటే అందరి కళ్ళముందు కదిలే బొమ్మ అదే. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఈ కొండ మీద చెట్లు పడిపోయి కొండంతా బోడిగా అయిపోయింది, అప్పుడు చూసినవాళ్ళకి ఇవాళ్టి పచ్చదనం చూస్తే ప్రాణం లేచొస్తుంది.

మీకు నడవడం ఇష్టమై, కాస్త నిశ్శబ్దం కావాలంటే తొట్లకొండ. రుషికొండ దాటాక భీమిలి దారిలో ఎడమ చేతి వైపు కొండ మీద ఉంటుంది. సుమారు రెండు వేల ఏళ్ళ కిందట ఇక్కడ బౌద్ధ భిక్షువులు ఉండేవాళ్ళు, ఆ సంగతి ఎవరికీ గుర్తులేకుండా పోయింది, 1976లో నేవీవాళ్ళు స్థావరం కోసం సర్వే చేస్తుంటే బయటపడింది, తర్వాత పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. ఇప్పుడు మనకి కనిపించేది స్తూపం, గుండ్రటి చైత్యాలు అంటే ప్రార్థన మందిరాలు, భిక్షువులు ఉన్న చిన్న చిన్న గదుల పునాదులు. శాతవాహనుల నాణేలతో పాటు రోము నాణేలు కూడా దొరికాయి ఇక్కడ, అంటే కింద కనిపించే ఆ సముద్రం మీంచే ఓడలు వచ్చేవి, కొండ మీద ఆశ్రమానికి వర్తకుల అండ ఉండేదన్నమాట. కొండరాతిని తొలిచి నీళ్ళకోసం చేసిన తొట్లు ఉన్నాయి చూడండి, వాటి దగ్గర ఒక్క ఐదు నిమిషాలు ఆగండి. వానాకాలం తర్వాత వెళ్తే వాటిల్లో నీళ్ళుంటాయి, కొండ మీద పడ్డ ప్రతి చుక్కా ఎటు పారుతుందో చూసుకుని తవ్వారు, అంత ఎత్తులో అంతమంది బతకాలంటే నీళ్ళే కదా అసలు సమస్య. చెట్లు తక్కువ, కాబట్టి ఎండలో వెళ్ళకండి, మూడున్నర నాలుగింటికి వెళ్తే సరిగ్గా ఉంటుంది, చీకటి పడకముందే పంపించేస్తారు. నీళ్ళ సీసా మీరే తీసుకెళ్ళండి.

తొట్లకొండ ఎంచుకుంటే ఎర్రమట్టి దిబ్బలు కూడా అదే దారిలో కలిసొస్తాయి. బయటి రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్ళకి నేను ముందు చూపించేది ఇదే. బీచ్‌లు గోవాలోనూ ఉన్నాయి, పూరీలోనూ ఉన్నాయి, సముద్రం పక్కన ఇలాంటి ఎర్ర దిబ్బలు మాత్రం మన దగ్గర, తమిళనాడులో, శ్రీలంకలో తప్ప దక్షిణాసియాలో పెద్దగా కనబడవు. వేల ఏళ్ళ పాటు సముద్రం ముందుకీ వెనక్కీ జరుగుతూ, గాలి ఇసకని తెచ్చి పోస్తూ, అందులో ఇనుము తుప్పు పట్టి ఎర్రబడి తయారైనవి, వాన నీళ్ళు వాటిని కోసి లోయల్లాగా చేశాయి. జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తింపు కూడా ఉంది. కానీ ఇది రాయి కాదు, గట్టిగా కనిపించే ఇసక, గోడ మీద కాలు పెట్టి ఎక్కితే కింద ఎంత జారిపోతుందో మీకే కనిపిస్తుంది. ఫొటో కోసం అంచులు ఎక్కడం, పేర్లు చెక్కడం చూస్తే నిజంగా కడుపు తరుక్కుపోతుంది, ఒకసారి పోతే మళ్ళీ ఎవరూ చెయ్యలేరు దాన్ని. కింద దారిలోనే నడవండి, అక్కణ్ణుంచే బాగా కనిపిస్తుంది కూడా.

మధ్యాహ్నం ఎండలో ఏం చెయ్యాలి అంటే సబ్‌మెరీన్, విమానం. బీచ్ రోడ్డు మీద ఎదురెదురుగా ఉంటాయి. రెండూ చూడగలిగితే చూడండి, ఒకటే అంటే సబ్‌మెరీన్. ఐఎన్ఎస్ కుర్సురా 1969లో నేవీలో చేరింది, 1971 యుద్ధంలో పనిచేసింది, 2001లో విరమించుకుంది, ఆ తర్వాత ఏడాది ఒడ్డుకి లాగి మ్యూజియం చేశారు. సుమారు 91 మీటర్ల పొడుగు, లోపల నడుస్తుంటే మాత్రం అంత పొడుగు ఉన్నట్టే ఉండదు, ఎటు చూసినా పైపులు, మీటర్లు, చక్రాలు, ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్ళాలంటే గుండ్రటి కంతలోంచి ముందు కాలు పెట్టి, తర్వాత తల వంచి దూరాలి. టార్పెడోల పక్కనే పడక బల్లలు, మనిషి పక్కకి తిరిగి పడుకోవాల్సినంత ఇరుకు. చాలాసార్లు నేవీలో పనిచేసి రిటైరైనవాళ్ళే దగ్గరుండి చెప్తారు, వాళ్ళు చెప్పేది వినండి, ఊరికే సెల్ఫీలు తీసుకుని బయటికి రావొద్దు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి, ఇరుకు గదులంటే ఊపిరాడనట్టు ఉండేవాళ్ళకి మాత్రం ఇది కష్టం, వాళ్ళకి ఎదురుగా ఉన్న టీయూ-142 విమానం నయం, 2017లో నేవీ నుంచి విరమించుకున్న పెద్ద గస్తీ విమానం, చుట్టూ తిరిగి చూడొచ్చు. సోమవారం సబ్‌మెరీన్‌కి సెలవు, జూకి కూడా సెలవే, ఆదివారం రాత్రి దిగి సోమవారం తిరుగుదాం అనుకునేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. వారం మధ్యలో మధ్యాహ్నం తర్వాతే తెరుస్తారు, పొద్దున్నే వెళ్ళి గేటు దగ్గర నిలబడొద్దు.

జూ గురించి ఎక్కువ చెప్పను, పిల్లలుంటే వెళ్ళండి, చాలా పెద్దది, కొండల మధ్యలో పచ్చగా ఉంటుంది, సగం రోజు పోతుంది. పిల్లల్లేకపోతే దానికి బదులు హైవే అవతల కంబాలకొండ అడవి మంచిది, పొద్దున్నే వెళ్తే పిట్టల అరుపులు వింటూ నడవొచ్చు, ఊరికి ఇంత దగ్గర్లో అడవి ఉండటమే మన అదృష్టం.

సింహాచలం లిస్టులో ఒక ఐటెంగా పెట్టుకుని వెళ్ళే చోటు కాదు. స్వామికి ఏడాదంతా చందనం పూత ఉంటుంది, అక్షయ తృతీయ ఒక్కరోజే నిజరూప దర్శనం, ఆ రోజు దర్శనం కోసమే వచ్చేవాళ్ళు తప్ప ఊరు చూడ్డానికి వచ్చినవాళ్ళు ఆ రోజు అటు వెళ్ళకండి, ఆషాఢ పౌర్ణమి ముందు గిరి ప్రదక్షిణ జరిగే రోజు కూడా అంతే, ఊరి రోడ్లన్నీ జనంతో నిండిపోతాయి. మామూలు రోజుల్లో తెల్లవారుజామున వెళ్తే మంచిది, ఓపికున్నవాళ్ళు కొండ కింద మెట్లు మొదలయ్యే తొలి పావంచా దగ్గర్నుంచి మెట్లెక్కండి, లేదంటే దేవస్థానం బస్సు ఉంది. దర్శనం అయ్యాక వెంటనే దిగిపోకుండా గోడల మీద శాసనాలు చూడండి, శ్రీకృష్ణదేవరాయలు 1516లో వచ్చినప్పటి శాసనం కూడా ఉంది అందులో. కొండ కింద అనాసపళ్ళు, సీజన్లో పనసపళ్ళు అమ్ముతారు, కొనుక్కోండి.

ఇప్పుడు అసలు గొడవ, అరకు. రెండ్రోజుల్లో ఒకటి అరకుకి ఇవ్వాలా వద్దా? నా మాట ఏంటంటే, మొదటిసారి వస్తుంటే ఇవ్వండి, కానీ అప్పుడు ఆ రోజు ఊర్లో ఇంకేమీ పెట్టుకోకండి. సుమారు 115 కిలోమీటర్లు, ఘాట్ రోడ్డు, ఆగుతూ వెళ్తే నాలుగు గంటలు సులభంగా పడుతుంది. రైలా రోడ్డా అంటే వెళ్ళేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు రోడ్డు, ఇది అన్నిటికంటే మంచి పద్ధతి. పొద్దున కిరండూల్ రైలు ఎక్కితే శృంగవరపుకోట దాటాక కొండలెక్కడం మొదలవుతుంది, వరసగా సొరంగాలు, ఒకటి చీకటి, ఒకటి లోయ, ఒకటి చీకటి, ఒకటి జలపాతం, పిల్లలు ప్రతి సొరంగంలోనూ అరుస్తారు, పెద్దవాళ్ళు కూడా ఊరుకోరు. ఇనుప ఖనిజం తేవడం కోసం వేసిన లైను ఇది, అద్దాల పెట్టె అయిన విస్టాడోమ్‌కి 2017 నుంచి గిరాకీ బాగా ఉంది, వారాంతం టికెట్లు చాలా ముందే అయిపోతాయి. అది దొరక్కపోతే మామూలు పెట్టెలో కిటికీ పక్కన కూర్చోండి, గాలి తగులుతుంది, నాకైతే అదే బాగుంటుంది.

తిరిగొచ్చేటప్పుడు కారు మాట్లాడుకుంటే కాఫీ తోటలు, గాలికొండ, అనంతగిరి, బొర్రా గుహలు అన్నీ దారిలోనే వస్తాయి. అరకు కాఫీకి 2019లో జీఐ గుర్తింపు, అంటే ఈ ప్రాంతానికే చెందిన సరుకు అనే ముద్ర వచ్చింది, పెద్ద చెట్ల నీడలో కాఫీ మొక్కలు, ఆ చెట్లకే అల్లుకున్న మిరియాల తీగలు, బండి ఆపి దగ్గరగా చూడండి. బొర్రా గుహలు మాత్రం మిస్సవ్వకండి, అరకులో పార్కు, మ్యూజియం వదిలేసినా పర్లేదు. సున్నపురాయిని నీళ్ళు తినేసి చేసిన గుహ అది, ఆ నీళ్ళు ఎవరివో కాదు, భీమిలిలో సముద్రంలో కలిసే ఆ గోస్తనీవే. మొదటి రోజు భీమిలిలో నది ముఖం చూసి, రెండో రోజు అదే నది కొండలోపల చేసిన పని చూస్తే ఈ రెండు రోజులకీ ఒక దారం దొరికినట్టు ఉంటుంది, నేను ఎవరికైనా ఈ రెండూ కలిపి చెప్పేది అందుకే. మెట్లు చాలా ఉంటాయి, తడిగా ఉంటుంది, జారని చెప్పులు వేసుకోండి, మధ్యాహ్నం భోజనం టైములో కాసేపు మూస్తారు.

లంబసింగి, వంజంగి మేఘాలు అంటున్నారు ఈమధ్య అందరూ. అవి అరకుకి పోటీ కాదు, వేరే ప్రయాణం. తెల్లవారకముందే కొండ మీద ఉంటేనే మేఘాలు కింద పరుచుకుని కనిపిస్తాయి, అంటే ముందు రోజు రాత్రి పాడేరు వైపు ఉండాలి, నవంబరు నుంచి జనవరి దాకానే దాని అందం, వేసవిలో వెళ్తే ఏమీ ఉండదు. రెండ్రోజుల్లో అరకు, వంజంగి రెండూ పెట్టుకుంటే వైజాగ్ చూడనట్టే. చలికాలంలో వచ్చి, కుర్రాళ్ళై, నిద్ర లేకపోయినా పర్లేదంటే అరకు మానేసి వంజంగికి వెళ్ళండి, అంతేకానీ కలపకండి. నవంబరు ప్రాంతంలో అయితే అరకు దారిలో వలిసె పూలు పసుప్పచ్చగా విరగబూసి ఉంటాయి, అప్పుడు అరకే మేలు.

మొత్తమ్మీద పెద్దవాళ్ళు, పిల్లలతో కుటుంబం అయితే మొదటి రోజు పొద్దున రుషికొండ, మధ్యాహ్నం సబ్‌మెరీన్, సాయంత్రం కైలాసగిరి, రాత్రి ఆర్కే బీచ్‌లో కాసేపు కూర్చోండి. పిల్లల్లేకుండా, బాగా నడవగలిగే ఇద్దరు ముగ్గురే అయితే తెల్లారేసరికి భీమిలి, వచ్చేటప్పుడు ఎండెక్కకముందే ఎర్రమట్టి దిబ్బలు, మధ్యాహ్నం రూములో పడుకుని సాయంత్రం తొట్లకొండ. రూము ఎక్కడ తీసుకోవాలంటే రెండో రోజు అరకు రైలు ఉంటే స్టేషను దగ్గర, లేకపోతే ఎంవీపీ కాలనీ వైపు, బీచ్ రోడ్డు దగ్గరపడుతుంది. అక్టోబరు, నవంబరులో వస్తే తుఫాను వార్తలు చూసుకోండి, అల్పపీడనం ఉంటే సముద్రం దగ్గరికీ, ఘాట్ రోడ్డుకీ వెళ్ళొద్దు. అరకు నుంచి కూడా రైల్లోనే తిరిగొద్దాం అనుకునేవాళ్ళకి ఒక మాట, అది రాత్రి పడ్డాక వైజాగ్ చేరుతుంది, గూడ్స్ బళ్ళ లైను కాబట్టి లేటవుతుంది కూడా, అదే రాత్రి హైదరాబాదు రైలుకో విజయవాడ బస్సుకో టికెట్ తీసుకోకండి, మర్నాటికి పెట్టుకోండి.